కుట్టిన పడవ వెంట, కాకినాడ నుంచి పూరీ దాకా

మొదటి రోజు: కాకినాడ, తాళ్లరేవు, ఉప్పాడ

ఒక్క మేకు కూడా లేకుండా, బల్లల్ని కొబ్బరి తాడుతో కుట్టి సముద్రంలోకి దింపే పడవ ఒకటి మన తీరంలో వందల ఏళ్లు నడిచింది. మద్రాసులో తెల్లదొరలు దాన్ని మసూలా బోటు అన్నారు. ఉత్తరాంధ్ర పల్లెల్లో అది ఉత్త పడవే. దానికి తోడు తెప్ప. నాలుగైదు దుంగలు చెక్కి, కలిపి బిగించింది. ఈ రెంటిలో ఏది ఎక్కడ మిగిలిందో, ఎక్కడ ఎందుకు పోయిందో చూద్దామని సంక్రాంతి హడావుడి తగ్గాక బయల్దేరాను. ఫిబ్రవరిలో సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది, ఎండలు ఇంకా ముదరవు. కాకినాడ నుంచి ఒడ్డు పట్టుకుని ఉత్తరంగా పూరీ దాకా వెళ్లాలని లెక్క.

కాకినాడతో మొదలుపెట్టడం కావాలనే. ఇక్కడ కుట్టిన పడవ అవసరం లేదు. ఊరికి ఎదురుగా హోప్ ఐలాండ్ ఉంది. గోదావరి తెచ్చిపోసిన ఇసుకతో సుమారు రెండు వందల ఏళ్లలో పెరిగిన దిబ్బ అది. పొడుగు 16 కిలోమీటర్ల దాకా ఉంటుంది. బంగాళాఖాతం కెరటం దాని మీదే విరిగిపోతుంది, లోపలి నీళ్లు నిలకడగా ఉంటాయి. పడవ తిన్నగా ఏట్లోకి వచ్చి గట్టు పక్కన ఆగొచ్చు. అందుకే ఇక్కడి వడ్రంగులు నావలు కట్టారు. అడుగున పొడుగ్గా ఒక దూలం, దానికి అటూ ఇటూ వంపు కర్రలు, వాటి మీద బల్లలు, బల్లలకి మేకులు. గట్టి నిర్మాణం. ఎక్కడా వంగదు.

జగన్నాథపురం వంతెన దాటి ఏటి గట్టున నడిస్తే కర్ర బోట్లు కట్టే చోట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. నేను వెళ్లినచోట ఒక మరబోటు పాత బల్లలు ఊడదీసి కొత్తవి వేస్తున్నారు. ఇద్దరు మనుషులు బల్లల సందుల్లోకి నూలు దారం దూర్చి, మొండి ఉలి ఆనించి సుత్తితో కొడుతున్నారు. సందు నిండేకొద్దీ దెబ్బ చప్పుడు మారుతుందని ఒకతను రెండుసార్లు కొట్టి వినిపించాడు. మొదటిది బోలుగా ఉంది, రెండోది బిగువుగా మోగింది. దాని మీద గుగ్గిలం, నూనె కలిపి కాచిన ముద్ద పూసేవాళ్లట. ఇప్పుడు దుకాణంలో దొరికే పుట్టీ పూస్తున్నారు. నక్షా కాగితం ఎక్కడా లేదు. మేస్త్రి ఒక కర్రముక్క మీద గీతలు గీసుకుని, దాన్నే కొలబద్దగా పట్టుకు తిరుగుతున్నాడు.

మధ్యాహ్నం బస్సెక్కి తాళ్లరేవు వెళ్లాను. పక్కనే కోరంగి. 18, 19 శతాబ్దాల్లో ఇక్కడ ఓడలు కట్టేవారు, బాగుచేసేవారు. తెరచాప ఓడలు ఇక్కణ్నుంచి బంగాళాఖాతం అవతలి ఒడ్డుకి వెళ్లేవి. మనవాళ్లు ఈ వైపు నుంచి ఎంతమంది బర్మా పోయారంటే అక్కడ తెలుగువాడు కనిపిస్తే కోరంగీ అని పిలిచేవారు. 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి తుపాను ఉప్పెన ఊరిని తుడిచిపెట్టేసింది. తర్వాత రేవు మేట వేసి పూడిపోయింది. ఇవాళ కోరంగి అంటే మడ అడవి, చెక్క వంతెన, సెల్ఫీలు.

సాయంత్రానికి ఉప్పాడ చేరాను. కాకినాడ నుంచి గంట లోపు దారే, ఈలోగా పడవ మారిపోయింది. ఇక్కడ దిబ్బ అడ్డం లేదు. సముద్రం నేరుగా ఊరి మీదికి వస్తుంది. వీధులకి వీధులు మింగేసింది. రాళ్లు పోశారు, ఇసుక నింపిన పెద్ద గొట్టాల్లాంటి జియో ట్యూబులు పరిచారు, అయినా ప్రతి తుపానుకీ రోడ్డు తెగుతూనే ఉంటుంది. ఒడ్డున కనిపించేవన్నీ అడుగు చదునుగా ఉన్న ఫైబరు తెప్పలు. అడుగున దూలం ఉన్న నావని ఇక్కడ ఒడ్డుకి తెస్తే ఇసుకలో ఒరిగిపోతుంది, వెనకాలే వచ్చిన కెరటం దాన్ని బోర్లా కొడుతుంది. ఒక మత్స్యకారుడు చేత్తో గాల్లో గీసి మరీ చెప్పాడీ సంగతి. నడి సముద్రం ఎక్కడైనా ఒకటేనట, తేడా అంతా ఆఖరి వంద గజాల్లోనే ఉందట. పడవ ఆకారం ఆ వంద గజాల్ని బట్టే తేలుతుందని నాకూ అనిపించింది, మిగతా దారంతా అదే చూసుకుంటూ వెళ్లాను.

రెండో రోజు: పెంటకోట, పూడిమడక

ఉప్పాడ నుంచి తుని వైపు బీచ్ రోడ్డు. దారి పొడుగునా రొయ్యపిల్లల హేచరీలు, పైపులు సముద్రంలోకి. పాయకరావుపేట పక్కన తాండవ నది సముద్రంలో కలిసేచోట పెంటకోట ఉంది. ఇక్కడ ఎక్కువసేపు ఆగలేదు. టీ తాగుతూ పూరీ వెళ్తున్నానని చెబితే, దుకాణంలో కూర్చున్న ముగ్గురిలో ఇద్దరికి అక్కడ చుట్టాలున్నారు. ఒకాయన మేనత్తని అక్కడికే ఇచ్చారట. ఈ సంగతి ఆఖరి రోజు పనికొచ్చింది.

అచ్యుతాపురం సెజ్ దాటి పూడిమడక వెళ్లేసరికి పన్నెండు దాటింది. పెద్ద పల్లె. ఇసుక మీద ఫైబరు తెప్పలు వరసగా పెట్టి ఉన్నాయి. నీలం, పసుపు రంగులు, ముందువైపు హీరోల బొమ్మలు, దేవుళ్ల పేర్లు. కర్ర తెప్ప ఉందా అని అడిగితే ఓ కుర్రాడు ఇళ్ల వెనకాలకి తీసుకెళ్లాడు. కొబ్బరిచెట్ల కింద ఒకటుంది. దాని మీద వలలు ఆరేశారు.

కూర్చుని తీరిగ్గా చూశాను. మనం పుస్తకాల్లో చూసే తమిళ కట్టుమరం దుంగల్ని తాడుతో కట్టింది, ఒడ్డుకొచ్చాక విప్పి ఆరబెడతారు. ఇక్కడి తెప్ప అలా ఉండదు. దుంగల్ని బాడిసతో లోపలివైపు చెక్కి, పక్కపక్కన పెట్టి, కర్ర సీలలతో బిగించారు. అంచుల మీద నీళ్లు తన్నకుండా బల్ల నిలబెట్టారు. ముందు భాగం పైకి లేచి ఉంది. సీలలు బొటనవేలంత లావు. ఒకటి సగం బయటికొచ్చింది, వేలుతో కదిలిస్తే కదిలింది. దుంగకీ దుంగకీ మధ్య వెలుతురు కనిపిస్తోంది. నీళ్లు కింద నుంచి వస్తాయి, కింద నుంచే పోతాయి. తోడిపోసే పని లేదు, మునిగిపోయే భయం లేదు. ఎక్కినవాడు మాత్రం వేటకెళ్లిన దగ్గర్నుంచి తిరిగొచ్చే దాకా తడిసే ఉంటాడు.

తెప్ప సొంతదారు వచ్చాడు. డెబ్భై దాటిన మనిషి. నన్ను చూసి "ఏటి బాబూ, కొనుక్కుంతావేటి" అని నవ్వాడు. తాతా, దీనికి కర్ర ఎక్కణ్నుంచి తెచ్చేవారు అని అడిగాను. వాళ్ల నాన్న కాలంలో కొండల్లోంచి దిగేదట. ఆ తర్వాత కేరళ నుంచి లారీల మీద అల్బీజియా దుంగలు వచ్చేవి. తేలిగ్గా ఉంటుంది, తొందరగా పెరిగే చెట్టు. కాని నీళ్లు పీలుస్తుంది. రోజూ వేటకి దింపితే కొన్నాళ్లకి బరువెక్కి సగం మునిగి నడుస్తుంది. ఒడ్డున పెట్టి ఎండబెట్టాలి, ఎండబెట్టిన రోజులు పని ఉండదు. రెండు తెప్పలున్నవాడు మార్చుకుంటూ వేటకెళ్లేవాడు. ఒక్కటే ఉన్నవాడు కూలికెళ్లేవాడు.

"ఎండబెట్టడం ఒక ఎత్తు. మొయ్యడం ఇంకో ఎత్తు" అన్నాడు. నీళ్లు పట్టిన తెప్పని భుజాల మీద కర్రలు వేసుకుని ఇసుకలో పైకి మోసుకురావాలి. చొక్కా పక్కకి లాగి భుజం చూపించాడు. మెడ పక్కన గట్టిపడిన కాయ, గుప్పెడంత ఉంది. తన వయసువాళ్లందరికీ ఉంటుందన్నాడు.

ఫైబరు ఎప్పుడొచ్చిందంటే సునామీ అన్నాడు. అంతకుముందే ఒకటీ అరా ఉండేవి. 2004 డిసెంబరు 26 తర్వాత సాయం కింద, అప్పుల కింద చాలా ఊళ్లకి ఒకేసారి వచ్చిపడ్డాయి. ఆకారం మాత్రం పాత తెప్పదే. అడుగు చదును, ముక్కు పైకి, లోపల దుంగల బదులు థర్మోకోలు. నీళ్లు పీల్చదు. వెనకాల పొడుగు కడ్డీ, చివర పంకా ఉన్న ఇంజను. ఒడ్డు దగ్గరపడగానే కడ్డీ పైకెత్తేస్తే పంకా ఇసుకకి తగలదు. తెప్ప చెక్కే మేస్త్రులు ఏమయ్యారని అడిగాను. ఒకరిద్దరు ఇళ్ల తలుపులు, కిటికీలు చేసుకుంటున్నారట. మిగతావాళ్ల కొడుకులు సెజ్‌లో.

పూడిమడకకి చేపల రేవు మంజూరైంది. రేవు వస్తే ఈ అడుగు చదును తెప్పల్ని ఏం చేస్తారో అని నా సందేహం. పెద్ద బోట్లు వచ్చి అందులో ఆగుతాయి. తెప్పవాడికి రేవు అక్కర్లేదు, వాడికి ఇసుక కావాలి.

మూడో రోజు: విశాఖపట్నం

తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్ చేరాలి, లేకపోతే వేలం అయిపోతుంది. కోనాం, చందువా, సూర గుట్టలు పోసి ఉన్నాయి. బాగా ఖరీదు పలికే కచ్చిడి చేప ఒకటి పడిందని గుంపు చేరింది కానీ నేను తోసుకెళ్లేలోగా ఎవరో పట్టుకుపోయారు. అడుగు వేస్తే జారే నేల, అరుపులు, ఐసు మర చప్పుడు. ఇక్కడి పెద్దబోట్లని సోనా బోట్లంటారు. పదమూడు మీటర్ల పైన ఉంటాయి. వారాల తరబడి సముద్రంలోనే ఉండి రొయ్యల కోసం ఉత్తరంగా బెంగాల్ దాకా వెళ్తాయి. 2023 నవంబరు 19 రాత్రి ఇక్కడే మంటలు లేచి నలభై దాకా బోట్లు కాలిపోయాయి. పక్కపక్కన కట్టేసి ఉండటంతో ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకున్నాయి. ఇసుక మీద చెల్లాచెదురుగా ఉండే తెప్పలకి ఈ గండం లేదు.

రేవు ఉన్న ఊళ్లో కూర్చుని రేవు లేని రోజుల్ని ఊహించడం కష్టమే. విశాఖ రేవు 1933లో తెరిచారు. అంతకుముందు స్టీమరు దూరంగా నడి సముద్రంలో లంగరేసి ఆగేది. మనుషుల్నీ, మూటల్నీ ఒడ్డు నుంచి అక్కడికీ, అక్కణ్నుంచి ఒడ్డుకీ చేరవేసింది కుట్టిన పడవలే. మద్రాసులోనూ అంతే. 17వ శతాబ్దంలో ఈ తీరానికొచ్చిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు ఈ కుట్టిన పడవల గురించి రాసిపెట్టాడు. గవర్నరైనా, కలెక్టరైనా మద్రాసు గడ్డ మీద కాలు పెట్టాలంటే ముందు మత్స్యకారుల పడవలో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చోవాల్సిందే. పడవ పక్కనే తెప్పలు కూడా వచ్చేవి, ఎవరైనా నీళ్లలో పడితే తీయడానికి. తెల్లవాళ్ల గట్టి బోట్లు ఈ కెరటాల్లో పనికిరాలేదు. మేకులు ఊడి, బల్లలు పగిలిపోయేవి.

దీనికి ఇంకో కథ తోడుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1979లో స్వీడన్ సొమ్ముతో మద్రాసు కేంద్రంగా బంగాళాఖాతం ప్రోగ్రామ్ మొదలుపెట్టింది. తెప్పకీ పడవకీ బదులుగా, ఇంజను ఉండి కూడా ఇసుక మీదికి తేగలిగే పడవ ఒకటి కనిపెట్టాలని. ఎన్నో రకాలు కట్టి కెరటాల్లో పరీక్షించారు. ఐఎన్‌డీ-20 అని ఎనిమిదిన్నర మీటర్ల ఫైబరు పడవ, డీజిలు ఇంజను, ఒడ్డుకొచ్చేటప్పుడు పంకా పైకెత్తే ఏర్పాటు. 1980ల్లో ఆంధ్ర, ఒడిశా తీరాల్లో కొందరు బ్యాంకు అప్పులతో కొన్నారు. నిపుణులు బాగానే ఆలోచించారు, పని చేసే పడవే అది. కాని ఖరీదు ఎక్కువ, బరువూ ఎక్కువ. చివరికి ఊళ్లలో నిలబడింది మాత్రం నిన్న పూడిమడకలో చూసిన ఫైబరు తెప్ప. ముత్తాతల ఆకారాన్ని కొత్త సరుకుతో పోశారు, అంతే. మత్స్యకారుల అభిప్రాయానికి అంతకంటే పెద్ద సర్టిఫికెట్ అక్కర్లేదని నా నమ్మకం.

మధ్యాహ్నం జాలారిపేట వైపు వెళ్లి ఆర్కే బీచ్‌లో నడిచాను. చెప్పుకోదగ్గదేమీ లేదు. చేపల వేపుడు మాత్రం బాగుంది.

నాలుగో రోజు: భీమిలి, కళింగపట్నం

రైల్వేస్టేషన్ దగ్గర 900కె బస్సెక్కితే భీమిలిలో దింపుతుంది. డచ్చివాళ్ల సమాధులు, లైట్‌హౌస్, గోస్తనీ నది మొగ. ఒకప్పుడు ఇక్కణ్నుంచి విదేశాలకి వెళ్లిన ముఖ్యమైన సరుకుల్లో గోగునార ఒకటి. వ్యాపారులు దాన్ని బిమ్లీ జూట్ అనేవారు. ఆ బేళ్లు కూడా కుట్టిన పడవల్లోనే స్టీమర్ల దాకా వెళ్లాయి.

ఒడ్డున అలివి వల లాగుతున్నారు. ఇది చూడటం నా అదృష్టమే, ఎందుకంటే కుట్టిన పడవకి సరుకు రవాణా పోయాక మిగిలిన ఒక్క పని ఇదే. వల తాడు ఒక కొస ఒడ్డున మనుషుల చేతుల్లో ఉంచి, పడవ కెరటాలు దాటి వెళ్లి, అర్ధచంద్రంలా వల జారవిడుచుకుంటూ తిరిగి, రెండో కొసని ఇంకోచోట ఒడ్డుకి చేరుస్తుంది. తర్వాత రెండు జట్లు రెండు వైపుల నుంచి లాగాలి. ఇవాళ వల వేసింది ఫైబరు తెప్ప. లాగేవాళ్లలో ఎక్కువమంది యాభై దాటినవాళ్లు. ఆడవాళ్లూ ఒక చెయ్యి వేశారు. వాకింగుకొచ్చిన టూరిస్టులు ఇద్దరు ఉత్సాహంగా తాడు పట్టుకుని ఐదు నిమిషాల్లో వదిలేశారు. రెండు గంటలకి పైగా లాగితే పడింది రెండు బుట్టల కవళ్లు, కాసిని నెత్తళ్లు, బోలెడు ప్లాస్టిక్కు. పంపకంలో వల సొంతదారుకి ఒక వాటా, పడవకి ఒక వాటా, మిగిలింది మనుషులకి. రెండు బుట్టల్లో ఎవరికెంత వస్తుందో నేను లెక్క వేయలేదు.

శ్రీకాకుళం మీదుగా గార దాటి కళింగపట్నం చేరేసరికి పొద్దు వాలుతోంది. వంశధార ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. ఇదీ ఒకప్పటి రేవే. లైట్‌హౌస్ 1876 నాటిది. ఊరి చివర ఒక పాకకి దడిగా కట్టిన బల్లలు చూసి ఆగిపోయాను.

అవి పడవ బల్లలు. పొడుగ్గా, కాస్త వంపు తిరిగి, రంగు పోయి బూడిద రంగులో ఉన్నాయి. అంచు వెంబడి బెత్తెడేసి దూరంలో రంధ్రాలు. చిటికెన వేలు దూరుతుంది. రంధ్రం నుంచి అంచు దాకా తాడు ఒరిసి చిన్న గాడి పడింది. ఒక రంధ్రంలో కొబ్బరిపీచు బిరడా ఇంకా అలాగే ఉంది, గోటితో గీకితే పొడి రాలింది. పాకలోంచి ఒక మామ్మ వచ్చి ఎవరు బాబూ అంది. ఈ బల్లలు ఎక్కడివి మామ్మా అని అడిగాను. మా మావగారి పడవవి అంది. వెళ్లి పక్కింట్లోంచి మరిదిని పిలుచుకొచ్చింది.

ఆయన చిన్నప్పుడు కుట్టే పనిలో సాయం చేశాడు. బల్లలు ఎక్కువగా మామిడివి. రెండు బల్లలు అంచుకి అంచు ఆనించి, లోపలివైపు సందు మీద కొబ్బరిపీచు, గడ్డి కలిపి పేనిన కట్ట పెడతారు. ఒకడు లోపల, ఒకడు బయట. తాడు ఈ రంధ్రంలోంచి దూర్చి, కట్ట మీదుగా వంకరగా తీసి, ఆ రంధ్రంలోంచి బయటికి. బయటివాడు కర్రకి చుట్టి కాలితో తన్నిపెట్టి లాగుతాడు. ఆ చేతుల విసురు చూపించడానికి మామ్మ తలుపు దగ్గరున్న చీపురుకర్ర తీసుకున్నాడు. తర్వాత రంధ్రాల్లో పీచు బిరడాలు కొడతారు. లోపల వంపు కర్రలు లేవు, అడుగున దూలం లేదు. కొబ్బరి తాడు ఉప్పునీళ్లలో, ఇసుక రాపిడిలో ఎక్కువ కాలం ఆగదు. ఏటా అక్కడక్కడా, కొన్నేళ్లకోసారి మొత్తం విప్పి మళ్లీ కుట్టాలి.

"మరి నీళ్లు కారవా?"

"కారకేటి. ఓ గుంటడు తోడతానే ఉంటాడు. మేకు కొడితే కారదు, రెండు కెరటాలకి బల్ల పగిలిపోద్ది. తాడు సాగుద్ది బాబూ."

ఒడ్డుకొచ్చే వరస కూడా చెప్పాడు. కెరటాలు విరిగేచోటుకి ముందే పడవ ఆగిపోతుంది. వెనకాల నిలబడి పొడుగు తెడ్డుతో దారి మళ్లించేవాడు సముద్రం వైపు చూస్తూ ఉంటాడు, తెడ్లు వేసేవాళ్లు అతని మొహం చూస్తూ ఉంటారు. పెద్ద కెరటాలు వరసగా వెళ్లిపోనిచ్చి, నెమ్మదించిన క్షణాన కేక వేస్తాడు. అంతే, అందరూ ప్రాణం పెట్టి తెడ్లు వేయాలి. పడవ ఇసుక మీద దభీమని పడుతుంది. అప్పుడు ప్రతి బల్లా కాస్త కాస్త కదిలి ఆ దెబ్బని పంచుకుంటుంది. అడుగు పలచగా ఒదిగిపోతుంది. అందరూ దూకి, తర్వాతి కెరటం వచ్చేలోగా పైకి లాగేస్తారు.

పడవ ఎందుకు మానేశారంటే నేను కర్ర ఖరీదు, తాడు ఖరీదు అంటాడనుకున్నాను. ఆయన మనుషులు లేరన్నాడు. పడవ తోయడానికి పది మంది కావాలి, వల లాగడానికి నలభై మంది. ఆ నలభై మంది ఇప్పుడు గుజరాత్‌లో ఉన్నారు. శ్రీకాకుళం జిల్లా నుంచి వేరావల్ వెళ్లి అక్కడి బోట్లలో కూలికి చేసేవాళ్లు వేలల్లో ఉంటారు. 2018 నవంబరులో అలా వెళ్లిన ఉత్తరాంధ్ర కుర్రాళ్లనే పాకిస్తాన్‌వాళ్లు పట్టుకుపోయారు. ఇరవై మంది 2020 జనవరిలో విడుదలై వాఘా దగ్గర ఇటు వచ్చారు. వాళ్లలో చాలామంది ఇక్కడి పక్క మండలం ఎచ్చెర్లవాళ్లు. వాళ్ల ఊళ్లలో సముద్రం లేకనా అక్కడికి పోయారు? ఉన్న సముద్రంలో వేటకి తోడు దొరక్క, దొరికినా వాటా సరిపోక పోయారు. కుట్టిన పడవ పాతబడి పోయిందని అనుకుంటాం గానీ, దాని చుట్టూ నిలబడే మనుషులు ముందు వెళ్లిపోయారు.

అయిదో రోజు: బారువ, ఇచ్ఛాపురం, గోపాలపూర్

రోజంతా ప్రయాణంలోనే పోయింది. సోంపేట దగ్గర దిగి ఆటోలో బారువ వెళ్లాను. అందమైన ఒడ్డు, కొబ్బరితోటలు, లైట్‌హౌస్, దాదాపు ఎవరూ లేరు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ ఉద్దానం తోటల్ని నేలకూల్చింది. మళ్లీ నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. కొబ్బరి పోతే పీచూ పోతుంది, తాడూ పోతుంది. ఒకప్పుడైతే అది పడవలకీ దెబ్బే అయ్యుండేది, ఇప్పుడు ఫైబరుకి కొబ్బరితో పనిలేదు.

ఇచ్ఛాపురం దాటాక బోర్డులు మారాయి, మాటలు మారలేదు. బరంపురం బస్టాండులో తెలుగులోనే అడిగి తెలుగులోనే గోపాలపూర్ బస్సెక్కాను. గోపాలపూర్ కూడా రంగూన్‌కి మనుషుల్ని పంపిన రేవే. పాత జెట్టీ స్తంభాలు కొన్ని ఇసుకలో నిలబడి ఉన్నాయి. 2013లో ఫైలిన్ తుపాను దాటింది ఇక్కడే. ఒడ్డున పడవలవాళ్లు తెలుగూ ఒడియా కలిపి మాట్లాడుకుంటున్నారు. గదిలో టీవీ పెడితే తెలుగు సీరియల్ వచ్చింది. తొందరగా పడుకున్నాను.

ఆరో రోజు: పూరీ

పొద్దున రైల్లో ఖుర్దా రోడ్ మీదుగా పూరీ. జగన్నాథుడి దర్శనం చేసుకుని సముద్రం వైపు వచ్చాను. స్వర్గద్వారం దగ్గర బెంగాలీ యాత్రికులు కిటకిటలాడుతున్నారు. వాళ్లని చెయ్యి పట్టుకుని కెరటాల్లోకి తీసుకెళ్లేవాళ్లని నోళియాలంటారు. నెత్తిన తెల్లటి కోసు టోపీ. కాసేపు నిలబడి వింటే వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేది తెలుగు, అదీ మన ఉత్తరాంధ్ర తెలుగు. మద్రాసులో పడవ పక్కన తెప్ప మీద వచ్చి, పడ్డవాళ్లని తీసినవాళ్ల పనే ఇదీ. చేసే చోటు, ఎక్కించుకునే మనుషులు మారారు.

చక్రతీర్థ రోడ్డు చివర ఇక్కడా పెంటకోట అనే పేరుతో తెలుగు మత్స్యకారుల బస్తీ ఉంది. తాతల కాలంలో వేట కాలానికి తెప్పలు వేసుకుని వచ్చి, ఒడ్డున పాకలు వేసుకుని, తిరిగి వెళ్లిపోయేవారట. తర్వాత తర్వాత ఉండిపోయారు. ఇప్పుడు వేలమంది. ఇరుకు సందులు, ఎండుచేపల వాసన, గంగమ్మ గుడి, మైకులో తెలుగు పాటలు. 2019 మే 3న ఫణి తుపాను ఈ ఊరి నెత్తిమీదే దాటింది. రేకులు, పాకలు ఎగిరిపోయాయి, బోట్లు ఇళ్ల మీద పడ్డాయి.

పాయకరావుపేట దగ్గర టీ దుకాణంలో విన్న మేనత్త సంగతి చెప్పగానే నన్ను చుట్టంలా చూశారు. కూర్చోమని మడత కుర్చీ వేశారు. ఒడ్డున ఇక్కడా ఎక్కువ ఫైబరే. అయినా కర్ర తెప్పలు ఇంకా ఉన్నాయి, మన వైపు కంటే ఎక్కువే. ఇక్కడి తెప్ప రెండు సగాలుగా ఉంటుంది. ఒక్కో సగంలో దుంగలు సీలలతో బిగించి ఉంటాయి. వేటకి వెళ్లేముందు రెండు సగాల్నీ పక్కపక్కన పెట్టి, ముందూ వెనకా తాడుతో గట్టిగా కట్టేస్తారు. వచ్చాక విప్పి, ఒక్కో సగాన్నీ విడిగా మోసుకొచ్చి ఆరబెడతారు. మొయ్యడానికి సగం మందితో సరిపోతుంది. పూడిమడక తాత భుజం మీది కాయ గుర్తొచ్చి, ఈ ఏర్పాటు అక్కడ ఎందుకు లేదా అని ఆశ్చర్యపోయాను.

ఒకాయన అప్పుడే వేట నుంచి వచ్చి తాళ్లు విప్పుతున్నాడు. ముడి తడిసి బిగుసుకుపోయింది, పళ్లతో లాగుతున్నాడు. నలభై అయిదేళ్లుంటాయి. పక్కనే వాళ్ల అబ్బాయి, ఫోన్ చూసుకుంటూ. ఆయనకి ఫైబరు తెప్ప కూడా ఉంది, అది అన్నదమ్ములందరిదీ. దూరం వెళ్లాలంటే దాని మీదే. కాని డీజిలు ఖర్చు రానిరోజున, ఒడ్డు దగ్గర కవళ్లు తిరుగుతున్నాయని తెలిసినరోజున ఈ కర్ర తెప్పే దింపుతాడు. ఇద్దరు మనుషులు, ఒక వల, రెండు తెడ్లు. డీజిలు లేదు, అప్పు లేదు, పడ్డదంతా చేతికొస్తుంది. ఇవాళ పడింది సుమారు పది కిలోలు. వాళ్లావిడ అప్పటికే తట్టలో పోసుకుని బజారుకి వెళ్లిపోయింది.

రెండు సగాల్లో ఒకటి అడుగున కుళ్లిపోయింది. చెయ్యి పెట్టి చూపించాడు, కర్ర మెత్తగా ఊడొచ్చింది. ఇక్కడ దుంగలు దొరకడం లేదట, దొరికినా ధర మండిపోతోందట. అటవీశాఖ అనుమతి, లారీ బాడుగ, దళారీ, అన్నీ కలిపితే ఫైబరు దానితో సమానమవుతుందన్నాడు. అబ్బాయి ఫోన్లోంచి తలెత్తి "అందుకే వద్దు నాన్నా అంటన్నా" అన్నాడు. ఆయన వాడి మాట పట్టించుకోకుండా నా వైపు తిరిగాడు.

"మీది కాకినాడేనా? అన్నవరం కొండల వైపు తేలికపాటి కర్ర కొట్టేవోళ్లు ఎవరైనా ఉంటే కనుక్కో బావూ. ఒక్క సగానికి చాలు, రెండు దుంగలు. లారీ నేను మాటాడుకుంతాను."

కనుక్కుంటానని చెప్పి నంబరు రాసుకున్నాను. దుంగ ఎంత పొడుగు, ఎంత లావు ఉండాలో కొలిచి ఇమ్మంటే, అబ్బాయి చేత ఫోన్లోనే ఫొటో తీయించి, జానలతో కొలిచి, లెక్క వాట్సాప్‌లో పంపించాడు.